పెద్దవాళ్ల కోసం ఇంటికి అటెండెంట్‌ను పెట్టుకుంటున్నారా? జీతం కంటే ముందు మాట తీరు చూడండి

అమ్మకో నాన్నకో ఆసుపత్రిలో డిశ్చార్జ్ ఇచ్చారు. చేతిలో ఫైలు, మందుల సంచి, జాగ్రత్తలు రాసిన చీటీ. ఇంట్లో అందరూ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లే. ఎవరో ఇచ్చిన నంబర్‌కు ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా ఒక అటెండెంట్ బ్యాగు పట్టుకుని గుమ్మంలో నిలబడతారు.

ఆ ఫోన్‌లో మనం అడిగేవి సాధారణంగా మూడే. నెలకు ఎంత? పన్నెండు గంటలా, ఇరవై నాలుగు గంటలా? భోజనం మనమే పెట్టాలా? అంతకంటే ముఖ్యమైన రెండు ప్రశ్నలు మిగిలిపోతుంటాయి. మంచం మీద ఉన్న మనిషితో వీళ్లు ఎలా మాట్లాడతారు? ఆ మనిషిలో ఏదైనా తేడా కనిపిస్తే ఎవరికి, ఎంత త్వరగా చెబుతారు?

ఇవి మర్యాదకు సంబంధించిన విషయాలని చాలామంది అనుకుంటారు. నిజానికి రోగి భద్రత చాలావరకు వీటి మీదే ఆధారపడి ఉంటుంది. ముఖం ఒక పక్కకు వంకరపోయిన సంగతి అటెండెంట్ ఎన్ని గంటలకు చూశారు, ఎన్ని గంటలకు చెప్పారు అన్నదాన్ని బట్టి పక్షవాతం చికిత్స మారిపోవచ్చు. నడుము కింద చర్మం ఎర్రబడిందని మొదటి రోజే చెబితే పుండు పడకుండా ఆపొచ్చు.

2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లు 10.38 కోట్ల మంది. ఆ తర్వాత ఈ సంఖ్య ఇంకా పెరిగింది. పిల్లలు వేరే ఊళ్లలో, వేరే దేశాల్లో ఉండే ఇళ్లూ పెరిగాయి. కాబట్టి అటెండెంట్ పని ఏమిటి, మంచి సంరక్షణను ఎలా గుర్తుపట్టాలి, తేడా వస్తే ఎవరిని అడగాలి అన్నవి ఇప్పుడు ప్రతి ఇంటికీ అవసరమైన సంగతులే.

అటెండెంట్ వేరు, నర్సు వేరు

బిళ్ల పెట్టుకుని, యూనిఫాం వేసుకుని వచ్చిన ప్రతి ఒక్కరినీ మనం 'సిస్టర్' అనేస్తాం. కానీ తేడా చాలా ఉంది.

ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అవుతారు. వాళ్లకు రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. ఇంజెక్షన్లు, సెలైన్, డ్రెస్సింగ్ వంటివి డాక్టర్ రాసినదాన్ని బట్టి వాళ్లు చేస్తారు.

నర్సింగ్ అసిస్టెంట్లు, అంటే మనం అటెండెంట్, కేర్‌టేకర్, ఆయమ్మ అని పిలిచేవాళ్ల పని వేరు. స్నానం చేయించడం, బట్టలు, డైపర్ మార్చడం, తినిపించడం, పక్కకు తిప్పడం, నడిపించడం, బీపీ, టెంపరేచర్ చూసి రాయడం, తేడా కనిపిస్తే చెప్పడం. దీనికి మన దేశంలో 'జనరల్ డ్యూటీ అసిస్టెంట్' పేరుతో కోర్సు ఉంది. హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ దీనికి ప్రమాణాలు తయారు చేసింది. ఇంటి దగ్గర సేవ చేసేవాళ్ల కోసం 'హోమ్ హెల్త్ ఎయిడ్' అనే కోర్సు కూడా ఉంది.

చిక్కు ఏమిటంటే, ఏ కోర్సూ చేయకుండా పని చూసి నేర్చుకుని వచ్చినవాళ్లూ ఇదే పని చేస్తున్నారు. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ప్రకారం అనుబంధ ఆరోగ్య నిపుణుడు అనిపించుకోవాలంటే కనీసం 2,000 గంటల చదువు ఉండాలి. కొన్ని నెలల కోర్సులు ఆ లెక్కలోకి రావు. అందుకే మీ ఇంటికి వచ్చినవారికి ఏం తెలుసో, ఏం తెలియదో మీరే కనుక్కోవాల్సి ఉంటుంది.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇంజెక్షన్ ఇవ్వడం, ముక్కు ద్వారా కడుపులోకి ట్యూబ్ వేయడం, యూరిన్ పైపు మార్చడం, మందు మోతాదు పెంచడం, తగ్గించడం అటెండెంట్ పనులు కావు. 'నాకు వచ్చు, చేసేస్తాను' అన్నా ఒప్పుకోవద్దు. 'ఇది నా పని కాదండీ, నర్సును పిలవండి' అని చెప్పగలిగే అటెండెంటే నమ్మదగినవారు.

శిక్షణలో మాటకు అంత చోటు ఎందుకు?

అమెరికాలో నర్సింగ్ హోమ్‌లలో వృద్ధుల దుస్థితిపై విమర్శలు వచ్చిన తర్వాత 1987లో చట్టం మార్చారు. దాని ప్రకారం నర్సింగ్ అసిస్టెంట్‌కు కనీసం 75 గంటల శిక్షణ ఉండాలి. అందులో మొదటి 16 గంటలు పూర్తి కాకుండా అక్కడ ఉంటున్న ఏ ఒక్కరికీ నేరుగా సేవ చేయకూడదు.

ఆ 16 గంటల్లో నేర్పేవి ఐదు విషయాలు. మాట్లాడే నైపుణ్యం, ఇన్ఫెక్షన్లు సోకకుండా జాగ్రత్తలు, అత్యవసర సమయంలో ఏం చేయాలి, పెద్దవాళ్లు తమ పనులు తాము చేసుకునేలా ప్రోత్సహించడం, వాళ్ల హక్కులను గౌరవించడం. స్నానం చేయించడం, పడక సర్దడం నేర్చుకుని మనిషి మీద చేయి వేసేలోపే ఎలా మాట్లాడాలో తెలిసి ఉండాలన్నమాట.

కారణం సులువుగానే అర్థమవుతుంది. డాక్టర్ రోజుకు ఐదు నిమిషాలు చూస్తారు, నర్సు పూటకోసారి వస్తారు. రోజంతా పక్కన ఉండేది అటెండెంటే. పెద్దవాళ్లు ఏదైనా చెప్పుకుంటే ముందు చెప్పేది వాళ్లకే. అక్కడ మాట ఆగిపోతే డాక్టర్ దాకా ఏమీ చేరదు.

ముట్టుకునే ముందు చెప్పాలి

మంచి అటెండెంట్‌ను గుర్తుపట్టడానికి ఇదే మొదటి గుర్తు. నిద్రలో ఉన్న మనిషి దుప్పటి లాగి, ఒక్క మాట కూడా లేకుండా పక్కకు దొర్లిస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు. భయంతో చేయి విదిలిస్తారు, మంచం పట్టీ గట్టిగా పట్టుకుంటారు. అప్పుడు 'పెద్దాయన కొడుతున్నారండీ, మాట వినరు' అన్న ఫిర్యాదు వస్తుంది. చాలాసార్లు అది మొండితనం కాదు, భయం.

పద్ధతి ఇలా ఉండాలి:

• తలుపు తట్టి, ఎదురుగా వచ్చి, పేరు చెప్పాలి. 'అమ్మా, నేను లక్ష్మిని. లేచారా?'

• ఏం చేయబోతున్నారో చెప్పాలి. 'తడిగా ఉన్నట్టుంది, బట్టలు మారుద్దామా?'

• ఒప్పుకునేదాకా కాస్త ఆగాలి. 'ఇప్పుడు వద్దు' అంటే 'సరే, పది నిమిషాలాగి వస్తాను' అనాలి.

• తలుపు వేసి, కర్టెన్ లాగి, మారుస్తున్న భాగం తప్ప మిగతా ఒంటి మీద దుప్పటి ఉంచాలి.

• చేస్తున్నంతసేపూ చెబుతూ ఉండాలి. 'ఎడమ వైపు తిప్పుతున్నాను. ఒకటి, రెండు, మూడు... నొప్పిగా ఉందా?'

ఇందులో అదనంగా పట్టే సమయం రెండు నిమిషాలు. దానివల్ల పెనుగులాట తగ్గుతుంది, జారిపడే ప్రమాదం తగ్గుతుంది, అటెండెంట్ నడుముకూ మంచిది.

'పాపా' అనొద్దు, 'నువ్వు' అనొద్దు

నలభై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషిని, మంచం పట్టారు కదా అని 'ఏం బంగారం, బువ్వ తింటావా?' అంటే ఎలా ఉంటుంది? ప్రేమతో అన్నా అది చిన్నపిల్లలతో మాట్లాడినట్టే. అలా మాట్లాడితే మతిమరుపు ఉన్నవాళ్లు సహకరించడం తగ్గుతుందని వృద్ధుల సంరక్షణపై జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి.

మొదటి రోజే అడగడం మంచిది. 'మిమ్మల్ని ఏమని పిలవమంటారు?' కొందరికి 'మాస్టారూ' అంటే ఇష్టం. కొందరికి 'మామ్మగారూ', తెలంగాణ ఇళ్లలో కొందరికి 'బాపూ' అంటే దగ్గరగా ఉంటుంది. ఏ పిలుపైనా పక్కన 'మీరు' ఉండాలి.

ఇంకొకటి, వాళ్ల ముందే వాళ్ల గురించి మూడో మనిషి గురించి అన్నట్టు మాట్లాడటం. 'ఈవిడ పొద్దున్నుంచి రెండుసార్లు పక్క తడిపారు' అని చుట్టాల ముందు గట్టిగా చెప్పడం. లేవలేకపోయినా చెవులు పనిచేస్తుంటాయి. ఈ తప్పు అటెండెంట్ల కంటే మన కుటుంబాల్లోనే ఎక్కువ. ఇంట్లోవాళ్లు ఎలా మాట్లాడితే అటెండెంట్ కూడా అలాగే మాట్లాడతారు.

దూప, ఒంటికి, పానం: ఈ మాటలు అర్థమవుతున్నాయా?

నగరాల్లో అటెండెంట్లు ఒక ప్రాంతంవాళ్లు కాదు. తెలంగాణ పెద్దావిడ దగ్గరకు కోస్తా జిల్లాల నుంచి వచ్చిన అమ్మాయి ఉండొచ్చు. తెలుగే రానివారూ రావొచ్చు.

'దూప అయితుంది' అంటే దాహం వేస్తోందని. ఆ మాట తెలియని అటెండెంట్ తల ఊపి ఊరుకుంటే ఆవిడకు నీళ్లు అందవు. 'పానం మంచిగ లేదు' అంటే ఒంట్లో బాగోలేదని. 'దమ్ము వస్తోంది' అంటే ఆయాసం. కోస్తాలో 'ఒంటికి వెళ్లాలి' అంటే మూత్రానికి, 'రెంటికి' అంటే మలవిసర్జనకు. 'నొస్తోంది' అంటే నొప్పి. వయసు పైబడినవాళ్లకు ఒంట్లో నీరు తగ్గితే కళ్లు తిరగడం, మలబద్ధకం, మనసు అయోమయం కావడం దాకా వెళ్తుంది. అంటే ఒక మాట అర్థం కాకపోవడం కూడా జబ్బుకు దారి తీయొచ్చు.

దీనికి ఖర్చు లేని ఉపాయం ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు రోజూ వాడే ఇరవై మాటలు రాయండి. నీళ్లు, నొప్పి, చలి, ఆయాసం, బాత్రూమ్, ఫ్యాన్, దుప్పటి, వాంతి వంటివి. పక్కన అటెండెంట్‌కు చదవడం వచ్చిన లిపిలో అర్థం రాయండి. మంచం పక్క గోడకు అంటించండి.

వినపడకపోతే, మాట పోతే, మతిమరుపు ఉంటే

మూడు పరిస్థితుల్లో మూడు రకాలుగా మాట్లాడాలి. గట్టిగా అరవడం దేనికీ మందు కాదు.

వినికిడి తగ్గినవాళ్లతో: ఎదురుగా, ముఖం మీద వెలుతురు పడేలా కూర్చోవాలి. టీవీ ఆపాలి. అరిస్తే గొంతు సన్నబడి ఇంకా అర్థం కాదు. కాస్త బొంగురుగా, నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో చెప్పాలి. వినికిడి మిషన్ బ్యాటరీ ఉందా, కళ్లజోడు తుడిచి ఉందా అన్నది ఉదయం పనుల్లో భాగం కావాలి.

పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్లతో: వాళ్లలో చాలామందికి మనం చెప్పేది ఎంతో కొంత అర్థమవుతుంది, జవాబు మాత్రం బయటికి రాదు. 'ఏం కావాలి?' అని అడిగితే నిస్సహాయంగా చూస్తారు. 'నీళ్లా, కాఫీయా?' అని రెండూ చూపిస్తే వేలితో చెబుతారు. అవును, కాదు అని తల ఊపి చెప్పగలిగే ప్రశ్నలు వేయాలి. వేశాక మనసులో పది లెక్కపెట్టేంత సేపు ఆగాలి. వాక్యం మనమే పూర్తి చేసేయకూడదు.

మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లతో: దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. వీళ్లు సాయంత్రం కాగానే 'మా ఇంటికి పోతా' అని లేస్తారు. 'ఇదే మీ ఇల్లు, ఎన్నిసార్లు చెప్పాలి?' అంటే కోపం పెరుగుతుంది. 'మీ ఇంట్లో ఎవరెవరు ఉండేవాళ్లు? బావి ఉండేదా?' అని కబుర్లలో పెట్టి, మెల్లగా నాలుగు అడుగులు నడిపిస్తే శాంతిస్తారు. చనిపోయిన భర్త కోసం అడిగితే ప్రతిసారీ 'ఆయన పోయారు కదా' అనడం వాళ్లకు ప్రతిసారీ కొత్త దుఃఖమే. 'ఆయన గుర్తొచ్చారా?' అని ఆ మాటను అందుకోవడం మేలు.

'నేనెవరో చెప్పండి చూద్దాం' అని పరీక్ష పెట్టకండి. ఇది అటెండెంట్లకే కాదు, వీడియో కాల్‌లో పలకరించే మనవళ్లకు కూడా.

చేతి పని ఎలా ఉండాలి?

మాట బాగుండి పని రాకపోతే లాభం లేదు. ఈ ఐదు చూడండి.

చేతులు: ఒంటి మీద చేయి వేసే ముందు, వేసిన తర్వాత కడగాలి. సబ్బు, నీళ్లతో అయితే 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డైపర్ మార్చిన గ్లవ్స్‌తోనే అన్నం కలపడం కనిపిస్తే వెంటనే ఆపండి.

తినిపించడం: వీలైనంత నిటారుగా కూర్చోబెట్టాలి. చిన్న చెంచాతో పెట్టి, మింగాకే రెండోది. నోట్లో ముద్ద ఉండగా ప్రశ్నలు అడగకూడదు. మాట ఆపాల్సిన సమయం ఇదొక్కటే. తిన్నాక కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. తింటూ పదేపదే దగ్గడం, గొంతులో నీళ్లు ఉన్నట్టు మాట గరగరలాడటం కనిపిస్తే అన్నం ఊపిరితిత్తుల్లోకి వెళ్తోందేమోనని అనుమానించి, ఆపి, డాక్టర్‌కు చెప్పాలి.

పక్కకు తిప్పడం: సొంతంగా కదలలేనివాళ్లను సాధారణంగా రెండు గంటలకోసారి తిప్పాలి. మడమలు, తుంటి, నడుము కింది భాగం రోజూ చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే అది పుండుకు మొదటి మెట్టు. మన చర్మం రంగుకు ఎరుపు సరిగా కనిపించకపోవచ్చు. అప్పుడు ఆ చోట వేడిగా, గట్టిగా ఉందా అని చేత్తో చూడాలి. ఆ భాగాన్ని రుద్దకూడదు.

లేపడం: పడుకున్నవాళ్లను ఒక్కసారిగా నిలబెట్టకూడదు. మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చోబెట్టి, 'కళ్లు తిరుగుతున్నాయా?' అని అడగాలి. చక్రాల కుర్చీ బ్రేకులు వేశాకే కదపాలి. పక్షవాతం వచ్చిన చేయి పట్టుకుని లాగితే భుజం కీలు దెబ్బతింటుంది.

చేయగలిగింది చేయనివ్వడం: చెంచా పట్టుకోగలిగితే పట్టుకోనివ్వాలి, బొత్తాలు పెట్టుకోగలిగితే పెట్టుకోనివ్వాలి. ఆలస్యమవుతుందని అన్నీ తామే చేసేస్తే ఉన్న శక్తి కూడా పోతుంది.

'బాగానే ఉన్నారు' అనేది రిపోర్టు కాదు

సాయంత్రం ఇంటికొచ్చి 'ఎలా ఉన్నారు?' అంటే 'బాగానే ఉన్నారు సార్' అన్న జవాబు వస్తుంది. దాన్నుంచి ఏమీ తెలియదు. 'రోజూ మూడు ఇడ్లీలు తినేవారు, ఈరోజు ఒకటే తిన్నారు. మధ్యాహ్నం నుంచి మూత్రం రాలేదు. పిలిస్తే కళ్లు తెరుస్తున్నారు కానీ మాట్లాడటం లేదు' అంటే డాక్టర్‌కు ఫోన్ చేయాల్సిన పరిస్థితి అని అర్థమవుతుంది.

ఆసుపత్రుల్లో సిబ్బంది ఒకరికొకరు సమాచారం అందించడానికి వాడే పద్ధతిని ఇంటికి తగ్గట్టు నాలుగు ముక్కల్లో చెప్పుకోవచ్చు:

1. ఇప్పుడు ఏం జరిగింది?
2. నిన్నటిదాకా ఎలా ఉండేవారు? ఏ జబ్బులున్నాయి?
3. నేను ఏం చూశాను? (బీపీ, జ్వరం, తిండి, మూత్రం)
4. ఇప్పుడు మీ నుంచి ఏం కావాలి?

దీనికి ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ చాలు. టైమ్, తిన్నది, తాగిన నీళ్లు, మందులు, మూత్రం, విరేచనం, పక్కకు తిప్పిన వేళలు, నిద్ర. ఇద్దరు అటెండెంట్లు డ్యూటీలు మారుతుంటే ఆ పుస్తకం చూస్తూ ఐదు నిమిషాలు మాట్లాడుకున్నాకే ఒకరు వెళ్లాలి. మందు రెండుసార్లు వేయడం, అసలు వేయకపోవడం వంటి పొరపాట్లకు ఎక్కువ అవకాశం ఉన్నది ఆ మార్పిడి వేళలోనే.

ఈ కింది వాటికి మాత్రం పుస్తకంలో రాసి సాయంత్రం దాకా ఆగకూడదు. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆ తర్వాత ఇంట్లోవాళ్లకు చెప్పాలి:

• మూతి ఒక పక్కకు పోవడం, ఒక చేయి పడిపోవడం, మాట తడబడటం. రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అందుకే డాక్టర్ మొదట అడిగేది 'చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకు?' అనే. ఆ టైమ్ చెప్పగలిగేది పక్కనున్న అటెండెంటే.

• ఛాతీలో నొప్పి, ఊపిరి అందకపోవడం, పిలిచినా పలకకపోవడం.

• పడిపోయాక కాలు కదపలేకపోవడం. లేపడానికి ప్రయత్నించకూడదు.

నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కరోజులో అయోమయంగా మాట్లాడుతుంటే 'వయసు కదా' అని వదిలేయకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, నీరు తగ్గడం, కొత్త మందు పడకపోవడం వంటివి కారణం కావొచ్చు. అదే రోజు డాక్టర్‌కు చూపించాలి.

పడిపోయిన సంగతి తిడతారన్న భయంతో దాచిపెట్టే అటెండెంట్లు ఉంటారు. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు తలకు దెబ్బ తగిలేలా పడితే అది దాచిపెట్టడం ప్రాణాంతకం. మొదటి రోజే చెప్పండి: 'ఏం జరిగినా చెప్పండి, చెప్పినందుకు ఏమీ అనం.' ఆ మాట మీద నిలబడండి కూడా.

మొదటి రోజు అడగాల్సినవి

• ఏ కోర్సు చేశారు? సర్టిఫికెట్ మీద క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేసి చూడండి.

• ఇంతకుముందు ఇలాంటి జబ్బు ఉన్నవాళ్లను చూశారా? ఆ కుటుంబంతో మాట్లాడవచ్చా?

• 'మా అమ్మ స్నానం వద్దంటే ఏం చేస్తారు?' అని అడగండి. 'ఎలాగోలా చేయించేస్తాను' అన్న జవాబు కంటే 'ఎందుకొద్దంటున్నారో అడుగుతాను, కాసేపాగి మళ్లీ అడుగుతాను' అన్న జవాబు మంచిది.

• గుర్తింపు కార్డు కాపీ తీసుకోండి, స్థానిక పోలీసుల ద్వారా వెరిఫికేషన్ చేయించండి.

తర్వాత ఒక గంట పక్కనే కూర్చుని చూడండి. మాట్లాడేటప్పుడు మొహం చూస్తున్నారా, ఫోన్ చూస్తున్నారా? ముట్టుకునే ముందు చెబుతున్నారా?

వృద్ధాశ్రమంలో చేర్పించాలనుకుంటే గదులు, భోజనంతో పాటు ఇంకొన్ని చూడండి. పిలిస్తే ఎంతసేపటికి వస్తున్నారు? రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారు? అక్కడున్నవాళ్లను సిబ్బంది పేరుతో పిలుస్తున్నారా, 'మూడో నంబర్ బెడ్' అంటున్నారా?

కుటుంబం చేయాల్సిందీ ఉంది

ఇరవై నాలుగు గంటల డ్యూటీ అంటే ఇరవై నాలుగు గంటలూ మెలకువగా ఉండటం కాదు. రాత్రి నాలుగుసార్లు లేచిన మనిషి పొద్దున్నే ఓపికగా మాట్లాడలేరు. పడుకోవడానికి చోటు, పగలు రెండు గంటల విశ్రాంతి, వారానికో రోజు సెలవు, వేళకు భోజనం మీరు చూడాలి. రోగి సంరక్షణకు పెట్టుకున్న మనిషికి ఇల్లంతా తుడిచే పని చెప్పకండి.

గదిలో కెమెరా పెడితే ఆ సంగతి ముందే చెప్పండి. స్నానం, బట్టలు మార్చే చోట కెమెరా ఉండకూడదు. మంచం మీదున్నవాళ్ల ఫొటోలు, వీడియోలు స్టేటస్‌లో పెట్టకూడదని అటెండెంట్‌కు ఎంత గట్టిగా చెబుతారో, ఇంట్లోవాళ్లకూ అంతే గట్టిగా చెప్పండి.

ఇంట్లో పనిచేసే మహిళను ఎవరైనా లైంగికంగా వేధిస్తే 2013 చట్టం ప్రకారం జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. ఆ చట్టంలో ఇల్లు కూడా పని ప్రదేశమే.

తేడా కనిపిస్తే ఎవరికి చెప్పాలి?

అటెండెంట్ గదిలోకి రాగానే పెద్దవాళ్లు మాట ఆపేయడం, ముడుచుకుపోవడం, చేతుల మీద కారణం తెలియని కమిలిన గుర్తులు, పగలంతా మత్తుగా ఉండటం, బరువు తగ్గడం కనిపిస్తే ఆలోచించాలి. అలాగని వెంటనే నిందించకండి. రక్తం పలచబరిచే మందులతోనూ చర్మం కమిలిపోతుంది. ముందు అటెండెంట్ లేనప్పుడు పెద్దవాళ్లతో విడిగా మాట్లాడండి, డాక్టర్‌కు చూపించండి. డాక్టర్ చెప్పకుండా చేతులు కట్టేస్తున్నా, నిద్రమాత్రలు వేస్తున్నా వెంటనే పని ఆపించండి.

• ఎల్డర్‌లైన్ 14567: వృద్ధుల కోసం ఉచిత జాతీయ హెల్ప్‌లైన్. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. వేధింపులు, నిర్లక్ష్యం, పింఛన్, చట్టపరమైన సందేహాలకు ఫోన్ చేయొచ్చు.

• అత్యవసరమైతే 112. పోలీసులకు ఫిర్యాదు చేసేటప్పుడు ఏజెన్సీతో చేసుకున్న ఒప్పందం, చెల్లింపుల రసీదులు, నోట్‌బుక్ పనికొస్తాయి.

• అనారోగ్యం వల్ల నిస్సహాయంగా ఉన్న మనిషిని చూసుకుంటానని ఒప్పందం చేసుకుని, కావాలని చూసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 357 కింద నేరం. మూడు నెలల దాకా జైలు, లేదా రూ.5,000 దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అందుకే ఏం పని, ఎన్ని గంటలు అన్నది ఒక పేజీలోనైనా రాయించుకుని రెండు వైపులా సంతకాలు పెట్టుకోవాలి.

• సంరక్షణ బాధ్యత ఉన్నవారే పెద్దవాళ్లను ఎక్కడో వదిలేసి వెళ్లిపోతే 2007 తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం సెక్షన్ 24 కింద శిక్ష ఉంది. ఇది పిల్లలకూ వర్తిస్తుంది. పిల్లలు పోషించకపోతే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు.

ఫిర్యాదు దాకా రాకుండా చూసుకోవడానికి ఒక చిన్న అలవాటు చాలు. రోజూ పది నిమిషాలు, ముందు అమ్మతోనో నాన్నతోనో విడిగా, ఆ తర్వాత నోట్‌బుక్ ముందు పెట్టుకుని అటెండెంట్‌తో మాట్లాడండి. దూరంగా ఉంటే వీడియో కాల్‌లో ఇదే చేయండి. 'ఈరోజు కొత్తగా ఏం గమనించారు?' అని అడగండి. రోజూ ఆ ప్రశ్న వస్తుందని తెలిస్తే, పక్కనున్నవాళ్లు రోజూ గమనిస్తారు.